నేను లేకపోతే లేవని మిషను

పిడుగురాళ్లలో ఒక సున్నం బట్టీ ముందున్న కాటా గదిలో నేను తొమ్మిదేళ్లకు పైగా పనిచేస్తున్నాను. లారీ కాటా ఎక్కుతుంది, బరువు కంప్యూటర్లో పడుతుంది, చీటీ వస్తుంది, డ్రైవరు దాన్ని జేబులో పెట్టుకుని పోతాడు. ఆ పనిలో ఇంతకన్నా చెప్పుకోదగ్గది ఏమీ లేదు. అయినా ఇన్నేళ్లలో నిశ్చింతగా ఒక్కరోజు సెలవు పెట్టి ఎరగను. నన్ను అక్కడ కట్టేశారని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. ఆ తాడు పేనింది నేనేనని ఒప్పుకోవడం మాత్రం ఇప్పటికీ కాస్త కష్టంగానే ఉంది.

దీనికి ముందు బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్లో ఉండేదాన్ని. యజమాని తన మేనకోడల్ని తీసుకొచ్చి, "కాస్త పని నేర్పమ్మా" అన్నాడు. వెర్రిదాన్ని, వారం రోజుల్లో అన్నీ నేర్పాను. ఎనిమిదో రోజు ఆ పిల్ల నా కుర్చీలో కూర్చుంది, నేను ఇంటికి వచ్చేశాను. ఇక బతికుండగా ఎవరికీ ఏదీ నేర్పనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

కాటా గదిలో చేరేసరికి అక్కడి కంప్యూటర్ చావుబతుకుల్లో ఉంది. డ్రైవర్లు పాటల కోసం పెన్‌డ్రైవులు పెట్టీ పెట్టీ దానికి లేని వైరస్ లేదు. కాటా అమర్చిన మనిషి హైదరాబాద్ నుంచి వచ్చి, పాతదంతా తుడిచేసి విండోస్ బదులు లినక్స్ వేశాడు. మిషను ఆన్ చేశాక నల్లటి తెర మీద వరసగా కొట్టాల్సిన ఐదు లైన్లను ఒక కాగితం మీద రాసిచ్చాడు. ఆ ఐదూ కొడితేనే బరువుల ప్రోగ్రాము లేస్తుంది, లేకపోతే అది ఉత్త డబ్బా. ఆయన మళ్ళీ రాలేదు, ఫోనూ కలవలేదు. నేను ఆ లైన్లు బట్టీపట్టి, కాగితాన్ని ఎదురుగా ఉన్న టీకొట్టు పొయ్యిలో వేశాను. ఆ రోజు నాకు భలే ధైర్యం వచ్చింది. ఇక నన్ను తీసేయడం ఎవరి తరమూ కాదనుకున్నాను.

తీసేయలేదు సరే, వదల్లేదు కూడా. మా దగ్గర కరెంటు చెప్పి పోదు. పోయినప్పుడల్లా మిషను పడుకుంటుంది, వచ్చాక నేను వెళ్లి ఐదు లైన్లూ కొట్టి లేపాలి. యూపీఎస్ ఉంది గానీ, అది రెండు నిమిషాలు కూతలు పెట్టి తనూ పడుకుంటుంది. సగం తిన్న అన్నం దగ్గర నుంచి ఎన్నిసార్లు లేచి పరిగెత్తానో లెక్కలేదు. ఒక ఆదివారం మా ఆయన పట్టుబట్టి నన్నూ అమ్మాయినీ ఎత్తిపోతల జలపాతానికి తీసుకెళ్లాడు. బండి ఆపి నాలుగు అడుగులు వేశామో లేదో ఫోను మోగింది. నీళ్ల చప్పుడు విని, నీళ్లు చూడకుండా తిరిగొచ్చాం. మా ఆయన లారీ మెకానిక్కు, మాటకు గ్రీజు పూయడు.

"ఏమే, నీకు రెండు కాపురాలు. అది పెద్దది, మనది చిన్నది" అన్నాడు దారిలో.

నవ్వాను గానీ ఆ మాట గుచ్చుకుంది. ఆ కాపురం నుంచి నాకు నిజంగా తీరుబడి దొరికేది అమావాస్యనాడే. ఆ రోజు మా వైపు లారీలు కదలవు.

బట్టీ యజమాని వ్యాపారస్థుల కుటుంబం మనిషి, అరవై దాటాయి. నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను అమ్మాయ్ అంటాడు. పొద్దున్నే కాటా గదిలో దేవుడి పటం ముందు ఆయనే పూజ చేస్తాడు. తర్వాత మొదటి లారీకి చీటీ ఇస్తేనే బోణీ అయినట్టు. మేం ముస్లింలం. పూజ వేళ నేను లోపల ఉంటే ఆయనకు ఎలా ఉంటుందోనని, చేరిన మొదటి రోజు నుంచి ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చునేదాన్ని. గంట చప్పుడు ఆగాక వెళ్లి ఐదు లైన్లూ కొట్టేదాన్ని. రమ్మని ఆయన అనలేదు, వద్దనీ అనలేదు. అదొక మర్యాదగా సాగిపోయింది.

ఇలా ఉండగా నిరుడు నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లకు కంప్యూటర్ ల్యాబులో మనిషి కావలసి వచ్చింది. ఇంటర్వ్యూ నా అదృష్టం కొద్దీ అమావాస్యనాడు పడింది. లినక్స్ వచ్చా అని అడిగారు. తొమ్మిదేళ్లుగా నా మొహాన ఉన్నది అదొక్కటే కదా, వచ్చన్నాను. జాబితాలో మొదటి పేరు నాది వచ్చింది. ఉన్నది ఒకటే ఉద్యోగం. ఫలానా గురువారం పొద్దున అసలు సర్టిఫికెట్లతో స్వయంగా వచ్చి సంతకం పెట్టాలనీ, పిలిచినప్పుడు లేకపోతే తర్వాతి పేరుకు ఇస్తామనీ చెప్పారు. ఆ కబురు విని స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. సాయంత్రం ఐదింటికి ఇంటికి రావచ్చు, ఎండాకాలం సెలవులుంటాయి. నా బతుకులోకి అలాంటివి వస్తాయని నేను అనుకోలేదు.

బాబాయ్‌తో నిజం చెప్పలేదు. మా ఆడపడుచు కూతురి నికా, ఒక్కరోజు సెలవు కావాలన్నాను.

"నువ్వు పోతే దీన్ని లేపేదెవరమ్మా?" అన్నాడు.

"దానంతట అదే లేచేట్టు చేసి పోతా బాబాయ్" అన్నాను.

అదెలాగో నాకూ అప్పటికి తెలియదు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. కొట్టాల్సిన లైన్లన్నీ ఒక ఫైల్లో రాసి, మిషను లేస్తున్నప్పుడే, అంటే బూట్‌లోనే, దాన్ని నడపమని సిస్టమ్‌కి చెప్పి పెడితే చాలట. దాన్ని స్టార్టప్ స్క్రిప్టు అంటారు. వినడానికి సులువే. నేను కొడితే బంగారంలా నడిచే లైన్లు బూట్‌లో మాత్రం నడవవు. నేను నా ఫోల్డర్లో కూర్చుని పిలుస్తున్నాను, అప్పుడే లేచిన మిషనుకు నా ఫోల్డర్ ఎక్కడుందో తెలియదు. మన సందులో అనకుండా జిల్లా నుంచి గడప దాకా పూర్తి చిరునామా రాయాలి. ఆ ఫైలుకు నడిచే అనుమతి ఇవ్వడం ఒకసారి మరిచాను, ఎవరి పేరు మీద నడవాలో రాయడం ఇంకోసారి మరిచాను. రోజూ మధ్యాహ్నం బాబాయ్ భోజనానికి వెళ్లాక గది తలుపు దగ్గరికి వేసి, ఎవరూ చూడకుండా ఇదంతా చేశాను.

చివరికి ఒకరోజు మెయిన్ స్విచ్ ఆపి వేశాను. బరువు చూపించే కాటా డబ్బాలో ఎర్ర అంకెలు వెలిగాయి, వెనకే కంప్యూటర్ లేచింది, నేను వేలు కదపకుండానే బరువుల ప్రోగ్రాము తెర మీదికి వచ్చింది. నమ్మకం చాలక వారంలో పదిసార్లు అలాగే ఆపి వేసి చూశాను. పదిసార్లూ వచ్చింది. నేను లేకుండా లేస్తుందని ముందే తెలియకూడదని చూసిన ప్రతిసారీ ఆ స్క్రిప్టు తీసేసి, బుధవారం సాయంత్రం మాత్రం ఉంచి వచ్చాను.

గురువారం పొద్దున మొదటి బస్సెక్కాను. కాలేజీ వరండాలో రకరకాల ఉద్యోగాలకు వచ్చిన వాళ్లు వరసగా కుర్చీల్లో ఉన్నారు. నాది పదకొండో నంబరు. ఏడో నంబరు లోపలికి వెళ్లినప్పుడు ఫోను మోగింది.

"అమ్మాయ్, ఏందిది? లేవలా. నల్లగా ఉంది, తెల్లక్షరాలు ఏందో ఉన్నాయ్" అన్నాడు బాబాయ్.

"డబ్బాలో ఎర్రంకెలు ఉన్నాయా బాబాయ్?"

"ఎందుకుండవ్? ఇప్పుడేగా వేసింది. ముందు కంప్యూటర్ వేసి, బొట్టు పెట్టి, హారతిచ్చి, అప్పుడుగా డబ్బా వేసేది. రోజూ అంతేగా."

తప్పెక్కడో అప్పుడు అర్థమైంది. డబ్బా వెలిగితేనే దాని వైరు తగిలించిన పోర్టు కంప్యూటర్‌కి కనిపిస్తుంది. నేను పదిసార్లు చూసిందీ మెయిన్ స్విచ్‌తోనే, అప్పుడు రెండూ కలిసి వెలుగుతాయి. పొద్దున మాత్రం కంప్యూటర్ ఎప్పుడో లేచి, నా స్క్రిప్టు డబ్బా కోసం వెతికి, దొరక్క ఆగిపోయింది. అప్పటికి గదిలో హారతి నడుస్తోంది. తొమ్మిదేళ్లు ఆ పూజకు పది గజాల దూరంలో కూర్చున్నాను, ఏది ముందు వేస్తారో, ఏది వెనక వేస్తారో నాకు తెలియదు.

"బాబాయ్, కంప్యూటర్ ఒక్కటి ఆపి మళ్ళీ వెయ్యండి, వచ్చేస్తది" అన్నాను.

"హారతిచ్చినాక, బోణీ కాకముందు ఆర్పమంటావా? మా నాయన నాటి నుంచి అట్టా ఎన్నడూ జరగలా. ఇంకేదన్నా చెప్పమ్మా. లారీలు రోడ్డు మీదికి వచ్చినయ్."

ఇక మిగిలింది స్క్రిప్టును మళ్ళీ నడిపే లైను ఒకటి కీబోర్డు మీద కొట్టించడమే. బాబాయ్‌కు కీబోర్డు మీది చిన్న అక్షరాలు ఆనవు. వరసలో ముందున్న లారీ డ్రైవర్ని లోపలికి పిలిచాడు. ఆ డ్రైవరు కృష్ణ అవతలి మనిషి, ఓపికమంతుడు. నేను ఒక్కో ఇంగ్లీషు అక్షరం చెప్తుంటే కొట్టుకుంటూ వచ్చాడు. ఖాళీ వదలమన్న చోట వదల్లేదు, మళ్ళీ మొదటి నుంచి. తర్వాత పాస్‌వర్డు. చేతిని నోటికి అడ్డం పెట్టుకుని నెమ్మదిగా చెప్పాను.

"అక్కా, ఏం పడ్తలేదు. కీబోర్డు కరాబైనట్టున్నది" అన్నాడు.

లినక్స్‌లో పాస్‌వర్డు కొడుతుంటే తెర మీద చుక్క కూడా కనపడదు. పడుతోంది, కొట్టండి అన్నాను. ఆయనకు నమ్మకం కలగలేదు, ఒక్కో అక్షరం రెండేసిసార్లు నొక్కాడు. మిషను తప్పంది. మళ్ళీ.

"పదకొండు" అని పిలిచాడు అటెండరు.

చెయ్యెత్తి ఒక్క నిమిషం అని సైగ చేశాను. మళ్ళీ పిలిచాడు. "ఫోను పెట్టి రండమ్మా" అన్నాడు. ఎర్ర గుండీ నొక్కడానికి ఒక్క క్షణం చాలు. నొక్కలేకపోయాను. ఈ ఉద్యోగం ఏ కారణంగానో రాకపోతే నాకు ఆ కాటా ఒక్కటే దిక్కు, ఇప్పుడు ఫోను పెట్టేస్తే అదీ పోతుందన్న భయం. కుడితిలో పడ్డ ఎలుకలా అక్కడే కొట్టుకుంటూ అక్షరాలు చెప్తూనే ఉన్నాను. లైను పూర్తయ్యేసరికి ఎంతసేపైందో చూసుకోలేదు. "వచ్చిందక్కా, తెర మొత్తం వచ్చింది" అని డ్రైవరు అరిచాడు. వెనక బాబాయ్ సంబరం వినపడింది.

గదిలోకి వెళితే బల్ల వెనకున్న కాలేజీ ఆయన కాగితం తిప్పి చూపించాడు. నా పేరు ఎదురుగా ‘రాలేదు’ అని రాసుంది. కింది పేరు ఎదురుగా సంతకం ఉంది.

"నేను ఇక్కడే ఉన్నాను సార్."

"ఉన్నారమ్మా. పిలిస్తే రాలేదు."

బతిమాలాను. కోప్పడ్డాను కూడా. ఆయన మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు.

ఇంటికి పోయి మా ఆయన మొహం చూడలేక, బస్సు దిగి తిన్నగా కాటా గదికే వెళ్లాను.

"బిరియానీ అన్నా తినకుండా వచ్చావా ఏంది?" అన్నాడు బాబాయ్.

తిన్నానన్నాను. పొద్దున ఎందుకు లేవలేదో చెప్పాను. మిషను ఎట్లా లేస్తుందో ఆయనకు విడమరిచి చెప్పడం అదే మొదటిసారి. శ్రద్ధగా విన్నాడు.

"ఏది ముందు వేస్తానో నన్నడగొచ్చుగా అమ్మాయ్" అన్నాడు. "రోజూ ఎదురుగానే కూర్చుంటావ్. లోపలికి రావొద్దని నేనెప్పుడన్నా అన్నానా?"

కీబోర్డు ముందు కూర్చున్నాను. పోర్టు కనపడకపోతే ఆగిపోవద్దు, రెండు సెకన్లు ఆగి మళ్ళీ చూడు, కనపడేదాకా అలా చూస్తూనే ఉండు అని స్క్రిప్టులో చేర్చాను. మూడు లైన్లు పట్టింది.

మర్నాడు గంట మోగకముందే గదిలోకి వెళ్లాను. "రామ్మా, చెప్పులు అక్కడ ఇడువు" అన్నాడు బాబాయ్. కంప్యూటర్ వేశాడు, తెరకు బొట్టు పెట్టాడు, హారతి ఇచ్చాడు. అంతసేపూ నా స్క్రిప్టు నల్లటి తెర మీద ఓపిగ్గా ఎదురుచూసింది. డబ్బా వేయగానే ప్రోగ్రాము లేచింది. మొదటి లారీ ఎక్కింది, చీటీ వచ్చింది. నేను ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

"ఇంకేంది అమ్మాయ్, నువ్వు లేకపోయినా లేచిద్ది" అన్నాడు సంతోషంగా. "ఇక నీకు ఎప్పుడు కావాల్తే అప్పుడు సెలవు. ఎక్కడికన్నా పోవాల్తే పో."

"పోవాల్సింది నిన్న, బాబాయ్."

"పోయొచ్చావుగా, నికాకి."

"నికా లేదు. నరసరావుపేటలో నాకు ఉద్యోగం వచ్చింది. డ్రైవరుకి అక్షరాలు చెప్తుంటే నా పేరు పిలిచారు. ఫోను పెట్టేయలేక పోగొట్టుకున్నా."

ఆయన చేతిలోని హారతి పళ్లెం బల్ల మీద పెట్టాడు. రెండో లారీ వచ్చి కాటా ఎక్కింది. ఎర్ర అంకెలు కదిలి కదిలి ఒక చోట ఆగాయి.

"ఆ ఒక్క మాట ఫోనులో చెప్పొచ్చుగా తల్లీ" అన్నాడు. "బోణీ పోతే పోయె, ఆర్పేసేవాణ్ణి."