వెనక వరసలో అవ్వ

మేడ్చల్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే రవీందర్‌ను, పదహారు భాగాలొచ్చిన ఒక జపాన్ వీడియో గేమ్‌లో ఏది గొప్పదని అడిగితే ఆరోదే అంటాడు. పక్క దుకాణం బబ్లూకు ఆ మాట వింటే నవ్వు.

"గా పాతదాంట్ల చుక్కల బొమ్మలేందన్నా! కొత్తదాంట్ల మనుషులు నిజంగ మాట్లాడతరు."

"అందులో మనుషులకు పేర్లు మనం పెట్టుకోవచ్చా?" అన్నాడు రవీందర్.

"గొంతుతోని పిలుస్తరు గదా, ఎట్ల మారుస్తరు?"

"మరి నాకెందుకు?"

"సరే, నీ ఆరోదన్న పూర్తి చేసినవా?"

రవీందర్ బల్ల మీది ఫోన్ మూత విప్పడం మొదలుపెట్టాడు.

ఆరో భాగంలో గాయాలు మాన్పే పిల్ల పాత్రకు అతను తనను పెంచిన అవ్వ పేరు పెట్టాడు. ఇంగ్లీషులో ఆరక్షరాలే పట్టడంతో యాదవ్వ కాస్తా యాదవ్ అయింది. చదివి చెబితే, శామీర్‌పేటలో చేపలమ్మే అవ్వ పకపకా నవ్వింది. "నన్ను మొగోన్ని జేసినవేందిరా!" పోరాటంలో వైద్యం చేసేవాళ్లను దెబ్బ తగలకుండా వెనక వరసలో ఉంచాలంటే మాత్రం ఒప్పుకోలేదు. "అంగట్ల ఏనాడన్న ఎవలెనకన్న గూసున్ననా నేను?"

అవ్వ పోయి మూడేళ్లు. ఆట చివరి కోట తలుపు దగ్గరే ఆగి ఉంది. తలుపు దాటితే ఆట అయిపోతుంది. తెర మీద అవ్వ పేరు కదలడం ఇక కనిపించదు.

ఆదివారం మధ్యాహ్నం, ఖాళీ ఇంట్లో, రవీందర్ ఆట తెరిచాడు. ఇన్నాళ్లూ వెనకే ఉంచిన అవ్వను ముందు వరసలోకి తెచ్చి నిలబెట్టాడు. తలుపు తియ్యలేదు. వెనక్కి తిరిగి, ఆమె వెంట జట్టులో అందరినీ ఆటలోని మొదటి ఊరి అంగడి దాకా మెల్లగా నడిపించాడు.