ఆరో స్థలంలో అమ్మ

మొన్న పక్కింటివాళ్లు గేటుకి ఎనామిల్ రంగు వేయిస్తుంటే ఆ వాసన మా వంటింట్లోకి వచ్చేసింది. ఇంట్లో అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం పొయ్యి మీది కూర మాట మరిచిపోయి గుమ్మంలో నిలబడిపోయాను. నాకది క్రిస్మస్ వాసన. చెప్తే నవ్వుతారు, నవ్వనీండి.

మా చిన్నప్పుడు అనకాపల్లిలో చలికాలమంటే బెల్లమే. మంచు విడవకముందే పల్లెల నుంచి దిమ్మల బళ్లు వరస కట్టేవి, వాటి చుట్టూ ఈగలూ తేనెటీగలూ, వాటి వెనక మేమూ. అమ్మ బెల్లం బజారులో దిమ్మలు మోసేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె చీర చెంగు కూడా జిగురుగా ఉండేది, ఒళ్లో పడుకుంటే నా జుట్టు అతుక్కుపోయేది. పండగ దగ్గరపడితే అరిసెల పిండి దంచుతూ, పాకం చుక్క నీళ్లలో వేసి చూస్తూ, మధ్యమధ్య నన్ను తిడుతూ ఉండేది.

ఆ రోజుల్లోనే మా గుడి గోడల మీద సిలువ మార్గం చెయ్యడానికి వైజాగు నుంచి ఒక ఆర్టిస్టు వచ్చాడు. ఏసు సిలువ మోసుకెళ్లిన కథ, పద్నాలుగు స్థలాలు, ఒక్కో స్థలానికి ఒక్కో బొమ్మ. ఆ ఆర్టిస్టుని మేం ‘సిమెంటు మేష్టారు’ అనేవాళ్లం. గోడ మీద పచ్చి సిమెంటు మెత్తి, అది ఆరేలోగా చిన్న తాపీతోనూ బొటనవేలితోనూ మనుషుల్ని పైకి తేల్చేవాడు. పుస్తకాల్లో ఉండే తెల్లదొరల ముఖాలు ఆయనకి గిట్టవు. సైనికుల మీసాలు మా బజారులో తూకమేసే కాటాదారులవి, ఏడ్చే ఆడవాళ్ల ముడులు మా పేట ఆడవాళ్లవి.

ఒకరోజు ఆయన కంటి మీద సిమెంటు చింది పడితే, అటుగా వెళ్తున్న అమ్మ నెత్తి మీద చుట్టకుదురు విప్పి ఆ తువ్వాలు అందించింది. ఆయన కళ్లు తుడుచుకుని, ఆమెను అలాగే నిలబడమన్నాడు.

“నా ముకంలో ఏటుంది బాబూ, సూడ్డానికి?” అంది అమ్మ.

ఏసు ముఖం తుడిచిన ఆడమనిషి, ఆరో స్థలం, అలా మా అమ్మయింది. ముందుపళ్ల మధ్య సందు, ఎడమ బుగ్గ మీద అమ్మవారి మచ్చలు, అన్నీ దించాడు మహానుభావుడు. పేటంతా వచ్చి చూసి వేళాకోళమాడితే అమ్మ సిగ్గుపడి వారం రోజులు గుడిలో వెనక వరసలో కూర్చుంది.

మావాళ్ల ప్రేమ సంగతి తెలుసు కదా, ఊరికే ఉండనివ్వదు. ప్రతి క్రిస్మస్‌కీ కుర్రాళ్లు నిచ్చెనలేసుకుని ఆ బొమ్మలకి ఎనామిల్ పూసేవారు. అంగీలకి నీలం, ఒంటికి లేత గులాబీ. మేం కింద నిలబడి డబ్బాలు అందిస్తూ మురిసిపోయేవాళ్లం.

“ఓలే గుంటా, సూసేవా, ఏటేటా తెల్లబడిపోతన్నాను,” అనేది అమ్మ.

తుఫానుకి మా ఇల్లు తడిసినప్పుడు అమ్మ పెళ్లి ఫోటో ఉబ్బి, ముఖాలు లేకుండా పోయింది. మరో ఫోటో తీయించాలని ఎవరికీ తోచలేదు. నాకింకా పెళ్లి కాకముందే జ్వరంతో అమ్మ వెళ్లిపోయింది. గుడిలో ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. పెళ్లి చేసుకుని రాజమండ్రి వచ్చేశాను. అనకాపల్లి వెళ్లినప్పుడల్లా మొక్కుకుని బయటికొచ్చేదాన్ని తప్ప ఆ బొమ్మని నిదానంగా చూడలేదు.

రంగు వాసన పీల్చిన వారంలోనే అనకాపల్లి బండెక్కాను. బెల్లం బళ్ల బదులు లారీలున్నాయి, మా పేటలో నన్ను ఎరిగినవాళ్లు తక్కువ. గుడిలో ఆరో స్థలం దగ్గర నిలబడి వేలితో తడిమాను. పళ్ల సందు లేదు, మచ్చలు లేవు. నున్నటి గులాబీ ముఖం, కోడిగుడ్డులా. నాకు ఏడుపు ఆగలేదు.

గుడి చూసుకునే ఉపదేశి గారు సంగతి విని జాలిపడి, రంగులేసే అబ్బాయిని పిలిపించి గీకి చూడమన్నారు. వాడు ముందు తువ్వాలు అంచు దగ్గర గీకాడు. రంగు పెచ్చుతోపాటు సిమెంటు కూడా పిండిలా రాలింది. లోపల ఎప్పుడో గుల్లబారింది. ముఖం దాకా పోనివ్వకుండా నేనే ఆపించాను.

“ఈ పండక్కి మళ్లీ రంగేత్తారమ్మా. మీ అమ్మగారి బొమ్మ రంగెయ్యకుండా ఒగ్గీమంటే ఒగ్గేత్తాం. కాపోతే రంగు లేపోతే వానాకాలం చెమ్మకి నిలవదు,” అన్నారు ఉపదేశి గారు.

అమ్మ ఆ పొరల కింద ఉంది. తీస్తే పోతుంది, వేస్తే ఇంకా లోపలికి పోతుంది.

“పల్చగా వెయ్యమనండి,” అన్నాను.