ఏడ్చినట్టుంది

మా అక్క ఏ కథ విన్నా చివర ఒక్క మాటే అనేది. నచ్చకపోతే "ఏడ్చినట్టుంది." నచ్చితే "ఫరవాలేదు." నాకు బుద్ధి తెలిసిన నాటినుంచి మూడో మాట ఆమె నోట వినలేదు. ఈ రెండు మాటల మధ్యనే ఆమె కోడలు కథలు రాయడం నేర్చుకుంది. ఆ కోడలి సంగతి రాయడానికే ఇవాళ కూర్చున్నాను.

ఆ అమ్మాయి కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. వీధివైపు గదిలో నవ్వుతూ ఫ్రేములు చూపించే ఉద్యోగం కాదు. వెనక గదిలో, నీళ్లు కారుతూ తిరిగే సానరాయి ముందు కూర్చుని, గుండ్రటి అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసే ఉద్యోగం. కాస్త ఎక్కువ అరిగితే అద్దం ఫ్రేములో కదులుతుంది. తక్కువ అరిగితే బిగించేటప్పుడు అంచు పెట్లిపోతుంది. ఆ గదికి కిటికీ లేదు. కలం పేరు పెట్టుకోవలసి వచ్చినప్పుడు ఆమె 'కిటికీ' అని పెట్టుకోవడానికి అదే కారణమనుకుంటాను. సాయంత్రం ఇల్లు చేరేసరికి గోళ్ల సందుల్లో తెల్లటి పొడి. "పిండిమర గాని పెట్టావా ఏమిటే" అని మా అక్క ఆమె చేతులు తడిమి వెక్కిరించేది.

తడమవలసి రావడానికి కారణం ఉంది. మా అక్కకు చూపు మధ్యభాగం పోయింది. ఎదుటి మనిషి ముఖం కనబడదు, గుమ్మం అంచులు కనబడతాయి. ఊళ్లో సగంమంది కళ్లకు అద్దాలు బిగించిన కోడలు అత్తగారి కళ్లకు ఏమీ చేయలేకపోయింది. ఏ అద్దమూ పనికిరాదని డాక్టరు తేల్చి చెప్పాడు. చూపు పోయినా చెవులు మాత్రం మునుపటికన్న పదునెక్కాయి. మా అక్క ఉద్యోగకాలమంతా టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, బోర్డు మీద తీగలు గుచ్చుతూ, పీకుతూ, ఎక్కడెక్కడి మనుషులనో కలిపింది. వినకూడదన్నది నియమమే కాని, చెవిన పడినవి పడ్డాయి. మనుషులు కోపంలో ఎలా మాట్లాడతారో, అబద్ధం చెప్పే ముందు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో ఆమెకు తెలిసినంతగా నాకు తెలిసిన పండితులలో ఎవరికీ తెలియదు.

నా మేనల్లుడు, అంటే ఆమె కొడుకు, ఓడల్లో ఇంజను పని చేస్తూ ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ల మీదే ఉంటాడు. ఇంట్లో మిగిలినవాళ్లు అత్తాకోడళ్లు ఇద్దరే. పక్క వీధిలోనే ఉంటాను గనక ఆదివారం మధ్యాహ్నాలు నేనూ అక్కడే చేరేవాణ్ని. అక్కకు చదువుకోవడం పోయిన తరువాత, కోడలు గ్రంథాలయం నుంచి నవలలు తెచ్చి పైకి చదివేది. అక్క మంచం పక్కన స్టీలు గ్లాసు ఉండేది. చదువు ఆగితే ఉంగరంతో దాని అంచు మీద టింగుమని కొట్టేది. "వింటున్నాను, కానివ్వు" అని దాని అర్థం.

ఒక ఆదివారం నాడు కోడలు చదువుతూ ఉండగా అక్క చెయ్యెత్తి ఆపింది. ఇది పుస్తకంలో లేదు గదా అంది. కోడలు తడబడింది. "కాగితం తిప్పిన చప్పుడు వినపడి ఎంతసేపయిందే? నీ నోట్లోంచే వస్తోంది కథ." నవల చివరి కాగితాలు ఎవరో చింపుకుపోయారు, అత్తగారిని నిరాశపరచడం ఇష్టంలేక ఈ అమ్మాయి ముగింపు అల్లుతోంది. అక్క ఎత్తిన చెయ్యి దించింది. తరువాత గ్లాసు మీద టింగుమని కొట్టింది. కథ పూర్తయ్యాక "ఫరవాలేదు" అంది. 'కిటికీ' రచయిత్రి పుట్టుక అదీ.

అక్కడినుంచి ఆమె సొంతంగా రాయసాగింది. మధ్యాహ్నం భోజనం వేళ సానరాయి ఆపి, ఫోనులో రాసుకుని, ఆదివారం వినిపించేది. అక్క తీర్పుల్లో ఎక్కువ భాగం మొదటి రకానివే. "ఏడ్చినట్టుంది. ఆ కుర్రాడు క్షమించమని అంత శుభ్రంగా అడుగుతాడా? నీళ్లు నములుతాడు. మళ్లీ రాయి." కోడలు మూతి ముడిచేది, మళ్లీ రాసేది, రెండోసారి బాగుండేది. పత్రికలకు రాసిన పెద్దమనుషుల ప్రూఫులు దిద్దుతూ జీవితం గడిపినవాణ్ని. ఇంత నిక్కచ్చి అయిన సంపాదకత్వం ఏ కార్యాలయంలోనూ నేను చూడలేదు.

దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి సలహా మీద ఆ కథలు ఇంటర్నెట్లో ఒక కథల సైటులోకి ఎక్కాయి. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా చదివి నక్షత్రాలు పెట్టవచ్చు, కింద అభిప్రాయం రాయవచ్చు. పేరూ ఊరూ తెలియని మనిషి, రాయడం రాని మరో మనిషి రాతను శ్రద్ధగా చదివి నాలుగు మంచి ముక్కలు చెప్పడం చిన్న విషయం కాదు. అటువంటివి లేకపోలేదు కూడా. కాని నేను కంటితో చూసింది వేరు. అక్కడ రచయితలే పాఠకులు, పాఠకులే రచయితలు. నువ్వు నాకు అయిదు నక్షత్రాలు పెట్టు, నేను నీకు పెడతాను, ఇదీ ఒప్పందం. చదవడమన్నది ఆ ఒప్పందంలో లేదు. ఒకావిడ "మీ నాయిక పాత్ర నన్ను వెంటాడుతోంది" అన్న అభిప్రాయాన్ని మూడు కథల కింద అక్షరం మారకుండా పెట్టింది. వాటిలో ఒక కథలో నాయికే లేదు; ఉన్నవాళ్లు ఇద్దరు ముసలివాళ్లు, ఒక కుక్క. ఆ మూడింటి ప్రతులూ నా ఫైలులో ఉన్నాయి. ఎవరికైనా సందేహం ఉంటే వచ్చి చూడవచ్చు.

మన కిటికీ అక్కడ ధారావాహిక మొదలుపెట్టింది. భర్త దూరంగా ఉండగా ఒకే ఇంట్లో బతికే అత్తాకోడళ్ల కథ. మొదటి భాగాలు అక్క విన్నది. రెండుసార్లు ఫరవాలేదంది. ఇంటర్నెట్లో మాత్రం చడీచప్పుడూ లేదు. ఆ కాస్త వచ్చిన అభిప్రాయాలూ ఒకే దారి పట్టాయి. అత్త ఇంత మంచిదైతే ఇక కథేముంది అని ఒకరు. మా ఇంట్లోదాన్ని చూసి రాయండి, కావలసినంత సరుకు దొరుకుతుంది అని ఇంకొకరు. అత్త ఎప్పుడు బయటపడుతుందా అని ఎదురుచూస్తున్నా సిస్ అని మరొకరు.

పాపం, ఆ అమ్మాయి లొంగిపోయింది. పొద్దస్తమానం గోడను చూస్తూ అద్దాలు అరగదీసే మనిషికి, తన రాత కోసం బయట ఎక్కడో కొందరు ఎదురుచూస్తున్నారనడం ఎంతటి ఆకర్షణో ఊహించగలను. ఆమె మీద నాకు కోపం లేదు. ముందు అత్త చేత ఒక పరుషమైన మాట అనిపించింది. అభిప్రాయాలు వెల్లువెత్తాయి. మరుసటి భాగంలో కోడలి అన్నం పళ్లెం లాగేయించింది. నక్షత్రాలు కురిశాయి. ఆ తరువాత అత్త గ్లాసు పట్టుకుంది. కథలోని అత్త మంచం మీద కూర్చుని, ఉంగరంతో స్టీలు గ్లాసు మీద కొట్టి కోడలిని పిలుస్తుంది. ఆ చప్పుడు వింటే కోడలికి గుండె జారిపోతుంది. "ఆ గ్లాసు సీన్ అదిరింది అక్కా," "ఆ ముసలిదాని వేలు విరగ్గొట్టండి ప్లీజ్." ఇటువంటివి పుంఖానుపుంఖాలు.

ఆదివారం చదువు ఆగింది. దుకాణంలో పని ఎక్కువగా ఉందనీ, గొంతు బాగాలేదనీ కోడలు సాకులు చెప్పింది. కొన్నాళ్లు ఊరుకుని, ఒకనాడు ఆమె లేనప్పుడు అక్క నన్నడిగింది, "ఒరేయ్, ఆ కథ ఎంతవరకు వచ్చిందో నువ్వే చదవరా." నేను అన్నిటికీ ప్రతులు తీసి పెట్టుకుంటానని ఆమెకు తెలుసు. దాటవేయబోయాను. "నీకు అబద్ధం చేతకాదు, చదువు" అంది. చదివాను.

గ్లాసు దగ్గరకు వచ్చినప్పుడు అక్క ముఖంలో ఏమీ కదల్లేదు. చివరి దాకా విని, ఆ అత్త ఎవరి గొంతురా అని అడిగింది. అన్నేళ్లు అన్ని గొంతులు విన్నాననీ, గయ్యాళులను కూడా తీగల మీద కావలసినంతమందిని విన్నాననీ, ఇలా మాట్లాడిన మనిషి ఒక్కతీ తగల్లేదనీ అంది. చివరికి, "మాటలు నావి కావు. గ్లాసు మాత్రం నాదే" అంది.

తరువాత, అక్కడ ఎవరైనా అభిప్రాయం పెట్టవచ్చు గదా, నాదీ పెట్టు అంది. ఏమని పెట్టమంటావు అన్నాను. ఇంకేమంటాను అంది. ఆమె కోరినట్టే, 'ఒక శ్రోత' అన్న పేరుతో "ఈ భాగం ఏడ్చినట్టుంది" అని పెట్టాను.

ఆ తరువాత జరిగినదానికి నవ్వాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు. మొదట వచ్చిన జవాబు, "మేము కూడా ఏడ్చాం అమ్మా." దాని కింద కన్నీళ్లు కారుస్తున్న పసుపుపచ్చ ముఖాల వరస. "శ్రోత గారి మనసు ఎంత సున్నితమో," "కిటికీ అక్కా, చూశారా, అందరినీ ఏడిపించేస్తున్నారు." తెలుగులో కథలు రాస్తున్నామని చెప్పుకునేవాళ్లకు తెలుగువాళ్ల ఇంట్లో రోజూ వినబడే తిట్టు అర్థం కాలేదు. చివరికి ఎవరో ఒకాయన, అది పొగడ్త కాదు, చెత్తగా ఉందని దాని భావం అని విడమరచి చెప్పాడు. అంతే, అదే కన్నీళ్ల ముఖాలు ఎర్రబడ్డాయి. నువ్వూ అలాంటి అత్తవే అయివుంటావు, గుచ్చుకుందా అని అడిగారు. మీ కోడలు ఎంత ఏడుస్తోందో అన్నారు. ఇలాంటి ముసలివాళ్లను వృద్ధాశ్రమంలో పడేసినా పాపం లేదని ఒక మహాతల్లి రాసింది. ఆవిడ రాసే ధారావాహిక పేరులో 'మమత' అన్న మాట ఉంది. అవన్నీ ప్రతులు తీశానుగాని, అక్కకు చదవలేదు.

కోడలు ఇదంతా దుకాణంలో ఉండగా ఫోనులో చూసింది. ఆ మాట ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. బిగిస్తున్న అద్దం అంచు పెట్లిపోతే దాన్ని అక్కడే వదిలేసి, మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. చేతులు కూడా కడుక్కోలేదు.

"నాతో చెప్పచ్చు కదా అత్తయ్యా. అందరిలో పెట్టారేం?"

"నువ్వు నాకు చదవడం మానేశావు కదే. మరి ఎక్కడ చెప్పను?"

కోడలు మంచం పక్క కుర్చీలో కూర్చుంది. కథలో ఉన్నది మీరు కాదని, అది ఉత్త కథేనని, వాళ్లు అడిగినట్టు రాయకపోతే ఎవరూ చదవరని, ఇన్నాళ్లూ ఒక్కరికి వినిపిస్తూ కూర్చున్నానని గబగబా చెప్పుకుపోయింది. ఆ 'ఒక్కరికి' అన్న మాట దగ్గర తనకే వినబడినట్టు ఆగిపోయింది. అక్క తప్పు పట్టలేదు. ఫోను తియ్యమంది. "ఆ గ్లాసు భాగం ఒకసారి నువ్వు చదువు. వీడి గొంతులో సరిగ్గా వినలేదు."

వద్దని బతిమాలినా వినలేదు. కోడలు చదవసాగింది. ఇల్లు, మంచం, సాయంత్రపు వెలుగు, అన్నీ చక్కగా చదివింది. అందులో ఆమె చెయ్యి తిరిగిందని ఒప్పుకోవాలి. అత్త గ్లాసు మీద ఉంగరంతో కొట్టింది, అన్న వాక్యం కూడా ఎలాగో దాటింది. ఆ తరువాత అత్త మాట. "నా ఇంట్లో నీళ్లు తాగాలన్నా," అని మొదలుపెట్టి ఆగింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. నేను అప్రయత్నంగా గ్లాసు వైపు చూశాను. చదువు ఎప్పుడు ఆగినా మోగే గ్లాసు. అక్క చెయ్యి దుప్పటి మీదనే ఉంది.

ఆ సాయంత్రమే కోడలు ఆ భాగాలన్నీ తీసేసింది. 'ఒక శ్రోత మా అత్తగారు. ఆమె చెప్పినదే సరి. ఈ కథ నేను చెడగొట్టాను' అని అందరికీ కనిపించేలా రాసింది. మీ ఇంటి గొడవలు మాకెందుకన్నారు. మమ్మల్ని ఏడిపించి మోసం చేశావన్నారు. తరువాత అనడం కూడా మానేసి, అంతకన్న గయ్యాళి అత్త ఉన్న మరో ధారావాహిక కిందికి వలస పోయారు. కోడలు ఆ వైపు తిరిగి చూసినట్టు లేదు. ఆమెకు ఎదురుచూపు ఇప్పుడు ఒక్కచోటే.

ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. అక్క వద్దనలేదు. కోడలు కొత్త కథ చదివింది, మంచి కథ. అయిపోయాక ఇద్దరం అక్క వైపు చూశాం.

"బాగుందమ్మా" అంది అక్క.

ఏమే, ఒసే అని తప్ప పిలవని మనిషి అమ్మా అంది. ఫరవాలేదు తప్ప ఎరగని మనిషి బాగుందంది. మరుసటి వారమూ అంతే. కోడలు లేనప్పుడు అక్కను నిలదీశాను. నిజంగానే బాగుందా అన్నాను. "అక్కడ అందరూ అదేగా అంటారు. ఆ పిల్లకి అది అలవాటైందిరా" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేనే ఏదో ఒకటి చెప్పి దించగలిగేవాణ్ని.

కిందటి ఆదివారం కోడలు టెలిఫోను ఎక్స్ఛేంజిలో జరిగే కథ చదివింది. ఆపరేటరు బోర్డులోంచి తీగ పీకేస్తుంది. పీకేశాక కూడా అవతలి ఇద్దరి మాటలు ఆమెకు వినబడుతూనే ఉంటాయి. తీగ పీకాక మాట వినబడదన్న సంగతి నాకే తెలుసు. కోడలికీ తెలుసు; కావాలనే రాసింది. ఆ వాక్యం దగ్గర చదవడం ఆపి, ఫోను మీదనుంచి తలెత్తి, అత్తగారి పెదవుల వైపు చూస్తూ కూర్చుంది.

అక్క దుప్పటి అంచు సర్దుకుంది.

"బాగుందమ్మా. కాసిని మంచినీళ్లు ఇస్తావా?"

కోడలు లేచి వెళ్లి స్టీలు గ్లాసు నిండా తెచ్చింది. అక్క రెండు చేతులతో అందుకుంది. వేలికి ఉంగరం లేదు.