తోకకు కట్టిన ఎర్ర గుడ్డ

భద్రాచలం దాటి అడవిలో ఉన్న క్యాంపుకు మధ్యాహ్నం చేరాం. ముసురు. నేలంతా ఎర్ర బురద. ముళ్లకంచె, ఇసుక బస్తాలు. మధ్యలో సిమెంటు గచ్చు. దాని మీద టార్పాలిన్ కప్పిన పాత హెలికాప్టర్ ఒకటి.

మా ఆయన మిలిటరీలో ఇంజన్లు చూసి రిటైరైనవాడు. హెలికాప్టరును గాలిలోకి లేపకుండా, నేల మీదే ఇంజన్ నడిపి పరీక్షించడం అక్కడి ఫిట్టర్లకు నేర్పాలని కాంట్రాక్టు మీద మళ్లీ పిలిచారు. నాకు వంటపని ఇచ్చారు. చదువు రానిదాన్ని. చూసింది చెబుతున్నాను.

ఫిట్టర్లంతా ఇల్లందు వైపు బొగ్గు గనుల గ్యారేజీల్లో చేసినవాళ్లు. బొగ్గు మోసే డంపర్ లారీ ఇంజన్ నడుస్తుండగానే స్క్రూడ్రైవర్ ఆనించి చెవిపెట్టి వినే అలవాటు. మా ఆయన మొదటిరోజే మెడల మీది తువ్వాళ్లు తీయించాడు. జేబులు ఖాళీ చేయించాడు.

"ఇది డంపర్ కాదు. తోక రెక్క తిరుగుతుంటే కండ్లకు కానరాదు. ఇంజన్ బంద్ చేసినా జల్దీ ఆగదు. లోపల కూసున్నోడు నా చేతులే చూడాలె. ఇంకెవని దిక్కు చూడొద్దు."

అరచేతిని మెడకు అడ్డంగా గీస్తే ఇంజన్ ఆపమని. వాళ్లలో పెద్ద ఫిట్టర్ టీకి వచ్చినప్పుడల్లా నన్ను ఆటపట్టించేవాడు.

"వదినా, సార్ ఇంట్ల గూడ గిట్లనే చేతులూపుతడా?"

"అవ్. నేను తిట్టుడు మొదలుపెడితే మెడ మీద గీస్తడు. నేనెన్నడన్న ఆగిన్నా?"

షెడ్డంతా నవ్వేది. ఆయన కూడా.

దసరా వచ్చింది. ఫిట్టర్లు హెలికాప్టరుకు బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు, తోకకు అమ్మవారి ఎర్ర గుడ్డ కట్టారు. వాళ్ల గ్యారేజీల ఆచారం ప్రకారం పూజయ్యాక అవన్నీ ఉండగానే బండి స్టార్ట్ చేయాలి. ముందే విప్పితే అపచారం. ఆ రోజు పెద్ద ఆఫీసరు చూడటానికి వస్తున్నాడు. ఫిట్టర్లు తమంతట తాము ఇంజన్ నడిపి చూపించాలి.

"అన్నీ విప్పున్రి. దారం పోగు గూడ ఉండొద్దు" అన్నాడు మా ఆయన.

పెద్ద ఫిట్టర్ మొహం మాడిపోయింది. "తల్లి గుడ్డ విప్పుతే బండి మనిషిని తింటది సార్."

"విప్పకుంటేనే తింటది."

ఎవరూ కదలకపోతే ఆయనే విప్పాడు. దండను, గుడ్డను తీసుకెళ్లి షెడ్డులో పెట్టాడు. అంతలో పెద్ద ఆఫీసరు జీపు వచ్చింది, వెంట ఒక ఫొటోలు తీసేవాడు. అందరూ సెల్యూట్లలో ఉండగా పెద్ద ఫిట్టర్ వెళ్లి ఆ గుడ్డను మళ్లీ తోకకు కట్టాడు. ఈ సంగతి తరవాత అతడే చెప్పాడు.

"ఇంకోపారి చుట్టూ చూసొస్త సార్" అని మా ఆయన క్యాంపు ఆఫీసరును అడగడం నేను విన్నాను.

"పొద్దటిసంది చూస్తనే ఉన్నవ్ గద. పెద్ద సార్ నిలబడ్డడు. స్టార్ట్ చేయించు."

చేయించాడు. ఆర్డర్ ఆర్డరే.

ఇంజన్ అందుకుంది. వంట షెడ్డు రేకులు దడదడలాడాయి. పెద్ద ఫిట్టర్ మంటలార్పే సిలిండర్ పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. ఉన్నట్టుండి గుడ్డ ముడి ఊడింది. అమ్మవారి గుడ్డ నేల తాకకూడదని సిలిండర్ వదిలేసి తోక వైపు పరిగెత్తాడు.

మా ఆయన మెడ మీద గీశాడు. లోపల కూర్చున్న ఫిట్టర్ చూడలేదు. వాడు పెద్ద ఆఫీసరు వైపు చూస్తున్నాడు. ఆ ఆఫీసరు కెమెరా వైపు చూస్తున్నాడు.

మా ఆయనే పరిగెత్తి పెద్ద ఫిట్టరును అవతలికి తోశాడు. అతడికి మోచేయి గీసుకుపోయింది. మా ఆయన సంగతి నేను చెప్పను. నా నోటితో చెప్పించకండి.

"ట్రైనరే చూసుకోవాలె గదమ్మా" అన్నాడు క్యాంపు ఆఫీసరు.

"చూసొస్తనన్నడు గద సార్. పోనిచ్చినవా?"

అతడు టోపీ సర్దుకున్నాడు. మరుసటి రోజు మమ్మల్ని అంబులెన్సులో ఇల్లందులోని మా ఇంటికి పంపారు. ఆయన బూట్లు నా ఒళ్లో పెట్టుకున్నాను.

దినాలనాడు పెద్ద ఫిట్టర్ వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. "నన్ను తిట్టు వదినా" అన్నాడు. తిట్టలేదు. తిడితే ఆపమనడానికి ఎవరున్నారు?

ఇప్పటికీ కళ్లు మూస్తే అదే. ఆయన పరిగెత్తుతున్నాడు. రెక్క వైపు చూడటం లేదు, లోపలివాడి వైపే చూస్తున్నాడు. చెయ్యి మెడ మీద గీస్తూనే ఉంది, మళ్లీ, మళ్లీ. లోపలివాడు పెద్ద ఆఫీసరు వైపే చూస్తున్నాడు.