పాలబుట్ట పైకి పోవాలంటే

పోయిన నెలలో ఒక పొద్దున మా వెనకింటి టీచరమ్మ పాలబుట్ట కిందికి దిగలేదు. సందులో నిలబడి "మేడం, మేడం" అని పిలిచాను. కిటికీ తెరిచే ఉంది, పలుకు లేదు. కాసేపటికి వంటామె వచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి, పైనుంచి గట్టిగా ఏడ్చింది. నిద్రలోనే పోయారట.

ఆమె ఉండేది మేడమీద ఒంటిగది. కిందికి రావడానికి ఇనుప మెట్లు, మనిషి అడ్డం తిరగడానికి వీల్లేనంత మెలికలు. మోకాళ్ళకు ఆపరేషన్ చేయించుకున్నా అవి సరిగా వంగలేదు. అప్పట్నుంచీ ఆమె ఆ మెట్లు దిగనే లేదు. ఇన్నేళ్ళు దిగలేని మెట్లు ఆ రోజు కుర్చీలో కూర్చోబెట్టి కడితే దిగారు. నలుగురు మగవాళ్ళు మెలిక మెలికకూ ఆగి, "నీ పక్క ఎత్తప్పా, నా పక్క తగుల్తా ఉండాది" అనుకుంటూ దించారు. నేను సందులో నిలబడి చూశాను. సమాధుల తోట దాకా పోవాలని నాకు చాలా ఉండింది. అంగట్లో బేరం ఉందని ఇంట్లోవాళ్ళు పిలిచారు. చర్చి బండి చిత్తూరు బజారు మలుపు తిరగడం గల్లాపెట్టె వెనక నుంచే చూశాను.

మాది స్టీలు సామాన్ల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, ఇంటి వెనక బజారుకు దారి లేని సందు. డిగ్రీ అయిన ఏడాదే పెళ్ళయి ఈ మూడింటి మధ్యకు వచ్చాను. మా అత్త చెడ్డమనిషి కాదు. అంగడి తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది, అంతే. ఆమెను దాటకుండా బయటికి పోవడానికి వేరే దారి లేదు. మా ఆయన ఇంకా మంచివాడు, దేనికీ కాదనడు. ఏమడిగినా "సూద్దాంలే మే" అంటాడు. ఆ చూడడం ఈ రోజుకీ పూర్తి కాలేదు.

టీచరమ్మ పాల ప్యాకెట్లు, పొద్దునొకటి సాయంత్రమొకటి, మా అంగట్లోనే వేసి పోయేవాడు పాలతను. ఆమె కిటికీలోంచి తాడు కట్టిన ప్లాస్టిక్ బుట్ట సందులోకి దించేవారు. నేను ప్యాకెట్ వేసి తాడును ఒక్క గుంజు గుంజితే పైకి లాగేవారు. కొన్నాళ్ళు అంతే మా స్నేహం. ఒక సాయంత్రం బుట్ట పైకి పోకుండా ఆగిపోయింది.

"డిగ్రీ సదివినావంట గదా పాపా, ఇంగ్లీషు యాడ పెట్టినావు?" అన్నారు పైనుంచి.

"స్టీలు గిన్నెల కింద పెట్టినాను మేడం."

"తియ్యి అయితే. ఒక వాక్యం చెప్పు, బుట్ట లాగుతాను."

ఆ రోజునుంచి అదే కట్టుబాటు. రోజూ ఒక వాక్యం చెప్పకపోతే బుట్ట కదిలేది కాదు. వాక్యం ఎట్లాంటిదో కూడా ఆమే పెట్టారు. అందులో కెన్, మస్ట్, షుడ్, మే లాంటి మాట ఒకటి ఉండాలి. టూ, ఫ్రమ్, ఇంటూ, అవుటాఫ్ లాంటి దారి చూపే మాట ఇంకొకటి ఉండాలి. మొదటిరోజు నేను గొప్పగా "ఐ మస్ట్ టు గో టెంపుల్" అన్నాను. పైనుంచి నవ్వు వినిపించింది.

"మస్ట్ పక్కన టూ నిలబడదు పాపా. దాన్ని తీసకపోయి గుడి ముందర నిలబెట్టు. ఐ మస్ట్ గో టు ద టెంపుల్. మస్ట్‌కు నేరుగా పని కావాల, పనికి దోవ కావాల. ఆట్ అని ఒకటుండాది, అదొక్కటే టూని ఎప్పుడూ వెంటబెట్టుకోని తిరుగుతాది, నేను చేతికర్ర పట్టుకున్నట్ల."

మన మాటలో కీ, లో, నుంచీ ఊరి వెనకాల నిలబడతాయి, వాళ్ళ మాటలో ఊరికి ముందు. ఇది కూడా ఆమె చెప్పిందే. ఇంకోసారి అన్నారు, "మనం మాట మొదలుపెడితే పోవాలనా, పోకూడదనా తెలిసేదానికి చివరిదాకా కాసుకోవాల. వాళ్ళు రెండో మాటకే చెప్పేస్తారు." నాకు వెంటనే మా ఇల్లు గుర్తొచ్చింది. "తిరుపతికి ఒక్కదానివే బస్సెక్కి..." అని మా అత్త మొదలుపెడితే ఆ వాక్యం చివర ఏముంటుందో నాకు మొదట్లోనే తెలిసేది. ఆ మాట పైకి చెప్తే టీచరమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని దగ్గొచ్చేదాకా నవ్వారు.

నా వాక్యాలన్నీ మెల్లగా బయటికి పోయే వాక్యాలే అయ్యాయి. ఐ కెన్ వాక్ అవుటాఫ్ దిస్ లేన్. ఐ షుడ్ గెట్ ఇంటూ ఎ బస్ అంటే, బస్సుకైతే గెట్ ఆన్ టూ అనాలి, కారుకైతే ఇంటూ అని దిద్దారు. "రెండూ నేనెక్కలేనులే" అన్నారు ఆ వెంటే, మామూలుగా. పాలు అందాక బుట్టలో ఒక్కోసారి కరివేపాకు రెబ్బ దించేవారు. కిటికీ గట్టు మీద డబ్బాలో పెంచిన చెట్టు అది. ఆ గదికి అంతే తోట.

ఏర్పేడు పక్క ఒక కాలేజీ ఆఫీసులో, వచ్చినవాళ్ళతో మాట్లాడే ఉద్యోగం ఉందని ఫోన్లో చూసి నాతో అర్జీ పెట్టించింది ఆమే. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. సందులో నిలబడి ఎన్ని జవాబులు చెప్పానో! మెడ పైకెత్తి ఎత్తి నొప్పి పుట్టేది. మా ఆయనకు చెప్తే, "ముహూర్తాల టైము గదా మే, సూద్దాంలే" అన్నాడు. ఆ పొద్దున తలదువ్వుకుని, మంచి చీర కట్టుకుని అంగట్లోకి వచ్చాను. పెళ్ళి సామాన్లకు పూతలపట్టు నుంచి ఒక కుటుంబం దిగింది. మా అత్త నా చీర చూసింది, నా చేతికి రేట్ల స్టిక్కర్ల కట్ట ఇచ్చింది. అంటించాను. ఇంకో కట్ట ఇచ్చింది. అదీ అంటించాను. నన్ను ఎవరూ తిట్టలేదు, ఎవరూ పట్టుకోలేదు. బస్సు పోయింది.

ఆ సాయంత్రం బుట్ట దిగింది. పాలు వేసి, తాడు పట్టుకుని నిలబడ్డాను. ఆమె ఏమీ అడగకుండానే బుట్ట లాగేసుకున్నారు. వాక్యం లేకుండా బుట్ట పైకి పోవడం అదొక్కసారే. నాకు అంత దుఃఖం ఎప్పుడూ రాలేదు.

మర్నాడు ఆమె గొంతు తగ్గించి అన్నారు. "నాతో ఇంగ్లీషులో చెప్తా ఉండావు, బాగనే చెప్తా ఉండావు. నేనేమో పైన ఇరుక్కోని ఉండేదాన్ని, నీకు దోవ ఇచ్చేది నేను కాదు గదా. ఇచ్చేవాళ్ళకు ఈ మాటలు తెలీవు. వాళ్ళకు తెలిసే మాటలో చెప్పినప్పుడు నీ సదువు అయినట్ల."

నాకు కోపం వచ్చింది. పైనుంచి చెప్పడం సులువు, అనుకున్నాను. అది నిజమే. ఆమె మాటా నిజమే. సందులో రోజూ అరిచి చెప్పే ధైర్యం నాకుండేది, ఎందుకంటే మా ఇంట్లో అది ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఆమె పోయాక వాళ్ళ తమ్ముడి కొడుకు వచ్చి గది ఖాళీ చేశాడు. కిటికీ గట్టు మీదున్న బుట్టను పక్కకు తోసినట్టున్నాడు, అది జారి సందులోకి దిగి వేలాడుతోంది. తాడు చువ్వకు కట్టే ఉంది. పైన కిటికీ మూసేశారు. పాలతనికి ఎవరూ చెప్పలేదేమో, ఇంకో నాలుగు రోజులు ఆమె ప్యాకెట్ కూడా వేసి పోయాడు.

ఈ వారం ఆ కాలేజీవాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. చేరినామె మానేసిందట. సోమవారం ఇంటర్వ్యూకి రమ్మన్నారు.

నిన్న సాయంత్రం పాలవేళకు కాళ్ళు వాటంతట అవే సందులోకి నడిచాయి. ఖాళీ బుట్ట నా గుండెల ఎత్తున ఉంది. తాడు పట్టుకుని, అలవాటు చొప్పున పైకి చూసి, "ఐ మస్ట్ గో టు ఏర్పేడు ఆన్ మండే" అన్నాను. దిద్దేవాళ్ళు లేరు.

"ఎవురితో మాట్లాడతా ఉండావు మే?" వెనక మా అత్త. స్టూలు వదిలి వచ్చి పెరటి గుమ్మంలో నిలబడింది. "ఏమంటా ఉండావు?"

ఏం లేదు అనడం నాకు బాగా వచ్చిన మాట. అది నోటిదాకా వచ్చింది కూడా.

"సోమవారం నేను ఏర్పేడుకు పోవాల అత్తా," అన్నాను. "ఉద్యోగానికి. పోతాను."

మా అత్త గుమ్మంలోంచి జరగలేదు. నేను ఇటు తిరిగి తాడును ఒక్క గుంజు గుంజాను. బుట్ట కొంచెం ఊగింది, పైకి పోలేదు. మూసిన కిటికీ గట్టు మీద, నీళ్ళు పోసేవాళ్ళు లేకపోయినా, కరివేపాకు చెట్టు ఇంకా పచ్చగానే ఉంది.