అనసూయక్క ఇచ్చే ఉగ్గుగిన్నె

నిన్న పొద్దున క్లాసులో హాజరు వేస్తుంటే ఫోన్ మోగింది. గద్వాల నుంచి అనసూయక్క భర్త, నాగరాజు బావ.

"సారూ, మీ అక్క ఇగ లేదు" అన్నాడు.

"ఏ అక్క?" అని అడిగాను.

నాకు సొంత అక్కలు లేరు. ఉన్నది ఒక్క అనసూయక్కే. అయినా ఆ మాట అడిగాను.

హెడ్మాస్టరుకు చెప్పి వనపర్తిలో బస్సెక్కాను. సాయంత్రానికి అన్నీ అయిపోయాయి. ఇవాళ నెట్ సెంటర్లో కూర్చుని ఇది రాస్తున్నాను.

బరువు తగ్గే ఆపరేషన్ల కోసం పెట్టుకున్న మన గ్రూపులో సగం మందికి అక్క గొంతు తెలుసు, ముఖం తెలియదు. ఆమెకు టైపింగ్ రాదు. ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయలేదు. మనం మిస్డ్ కాల్ ఇస్తే తనే ఫోన్ చేసేది.

కొత్తగా చేరినవాళ్ల కోసం చెబుతాను.

అక్క చీరలు నేసే మనిషి. మగ్గం ముందు గుంత ఉంటుంది, అందులో కాళ్లు పెట్టి కూర్చోవాలి. బరువు పెరిగి పెరిగి, ఒకరోజు ఆ గుంతలోకి దిగితే పొట్ట ముందున్న కర్రకు ఆనుకుంది. చేతులు నూలు దాకా పోలేదు. ఆ తర్వాత మూడేళ్లు పక్కన కూర్చుని, నేసేవాళ్లకు నూలు కండెలు చుట్టింది. తన మగ్గం మీద వేరేవాళ్లు నేస్తుంటే చూస్తూ.

హైదరాబాద్ పోయి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది అందుకే. అందం కోసం కాదు, షుగర్ కోసం కూడా కాదు. మళ్లీ మగ్గంలో కూర్చోవడానికి.

కూర్చుంది కూడా. ఆ రోజు నాకు ఫోన్ చేసి, "తమ్మీ, దిగిన" అంది. అంతే. నేనే స్టాఫ్ రూంలో అందరికీ స్వీట్లు పంచి, నేను మాత్రం తినకుండా కూర్చున్నాను.

నా సంగతి కూడా చెప్పాలి. సిగ్గుపడాల్సిందే, అయినా చెబుతాను.

నా ఆపరేషన్ అయిన మూడో నెలలో మానవపాడులో మా బావమరిది పెళ్లి. నేనేమో ఆ ఇంటి అల్లుణ్ణి. అల్లుడు విస్తరి ముందు కూర్చుని చాలంటే వినేదెవరు? "అల్లునికి మా వంట నచ్చలే" అని మా అత్తగారు ముఖం మాడ్చుకుంది. ఆవిడను ఊరడించడానికి బగారా అన్నం, మటన్, దానిపైన గ్లాసుడు నీళ్లు. పది నిమిషాల్లో పందిరి వెనక కక్కుకుంటూ కూర్చున్నాను. కడుపులో కుట్లు తెగాయేమో అని ప్రాణం పోయినంత పనైంది.

అక్కకు మిస్డ్ కాల్ ఇచ్చాను. ముందు డాక్టరుకు ఫోన్ చేయించింది. ఏం ప్రమాదం లేదని తెలిశాక తనే బస్సెక్కి పెళ్లికి వచ్చేసింది, పిలుపు లేకుండా.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా చేతికి సాంబారు బకెట్ ఇచ్చింది.

"బంతిల కూసోకు తమ్మీ. వడ్డించు. వడ్డించేటోన్ని తినుమని ఎవ్వరు బలిమి చెయ్యరు."

తనో గరిటె పట్టుకుంది. మూడు బంతులు ఇద్దరం కలిసి వడ్డించాం. అల్లుడే వడ్డిస్తున్నాడని మా అత్తగారు ఊరంతా చెప్పుకుంది. ఆ తర్వాత ఏ ఫంక్షన్‌కు పోయినా నాది బకెట్ డ్యూటీయే. మన గ్రూపులో చాలామంది చేస్తున్నదీ అదే. ఇది ఏ డాక్టరూ చెప్పలేదు.

వెళ్లేముందు నాకో చిన్న స్టీలు గిన్నె ఇచ్చింది. చంటిపిల్లలకు ఉగ్గు పెట్టే గిన్నె. దాని మీద నా పేరు, ఆపరేషన్ తేదీ కొట్టించి ఉన్నాయి, పెళ్లిళ్లలో సామాన్ల మీద కొట్టించినట్టు.

"నీకిప్పుడు మూడు నెలలే. ఇది నిండితె చాలు. మెల్లగ తిను. నీళ్లు తినంగ తాగకు, తర్వాత తాగు."

మీలో ఎంతమంది దగ్గర అక్క ఇచ్చిన అలాంటి గిన్నె ఉందో నాకు తెలుసు.

ఇక అసలు సంగతి.

నిన్న అక్క ఇంటి ముందు కూర్చున్నవాళ్లు గుసగుసలాడుతూనే ఉన్నారు. "కడుపు కోయించుకున్నది గద, గట్లనే అయితది" అని. నాకు ఒళ్లు మండింది. చావు ఇంట్లో గొడవెందుకని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

అక్కకు బీపీ ముందునుంచీ ఉంది. నిన్న తెల్లారుజామున లేచి తల పగిలిపోతోందంది, పడిపోయింది. మెదడులో నరం చిట్లిందని దవాఖానలో చెప్పారు. దీనికీ ఆపరేషన్‌కూ సంబంధం ఉందా అని బావ ఎదుటే ఆ డాక్టరును అడిగాను, లేదన్నాడు.

తిమ్మాజిపేట సుజాతా, నీ పేరు ఇక్కడ రాస్తున్నందుకు కోప్పడకు. నిన్న మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, "సార్, నేను ఆపరేషన్ క్యాన్సిల్ చేసుకుంట. నాకు భయమైతుంది" అన్నావు. అక్క ఉంటే నిన్ను ఆమెకే అప్పజెప్పేవాణ్ణి.

చేయించుకోవాలో వద్దో నీ ఇష్టం. మళ్లీ ఒకసారి డాక్టరును కలువు, అడగాల్సినవన్నీ అడుగు. ఆ తర్వాత వద్దనిపిస్తే వద్దు. ఎవరూ ఏమీ అనరు. అక్క ఆ ఆపరేషన్ వల్లే పోయిందని మాత్రం అనుకోకు.

ఇంకొకటి. నేను బయల్దేరుతుంటే బావ లోపలికి పోయి, మగ్గం పక్కన గూట్లోంచి కాగితంలో చుట్టిన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మొన్ననే తెచ్చింది సారూ. ఇది ఎవరిదో నాకు తెల్వదు. మీకు తెలుస్తదేమో."

బస్సులో విప్పి చూశాను.

ఉగ్గుగిన్నె. దాని మీద "సుజాత". కింద నీ ఆపరేషన్ తేదీ. అది రావడానికి ఇంకా పద్నాలుగు రోజులున్నాయి.

ఆదివారం తిమ్మాజిపేట వస్తున్నాను. నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా సరే, గిన్నె నీదే.

అక్కా, నువ్వు రోజూ ఫోన్లో గుర్తుచేసే టాబ్లెట్లు పొద్దున వేసుకున్నాను. నువ్విక మా ఫోన్ల గోల లేకుండా హాయిగా పడుకో. నీ ఆత్మ చల్లగా ఉండాలి.