తార్నాకలో తీశారు, ఢిల్లీలో చూపించారు

ఇప్పుడు తార్నాక మెట్రోలో దిగి యూనివర్సిటీ చూడబోయేవాళ్లకు నా ప్రయాణం నమ్మబుద్ధి కాకపోవచ్చు. నేను వెళ్లింది అరవైల చివర్లో. మా పెద్దమ్మ కొడుకు సుధాకరన్న ఢిల్లీ టీవీలో కెమెరామన్. యూనివర్సిటీ విద్యార్థుల ఊరేగింపును కెమెరాతో తీయడానికి వస్తున్నాడని తెలిసి, ఆ కెమెరా ఎలా ఉంటుందో చూద్దామని వరంగల్‌లో పొద్దున్నే రైలెక్కాను. సికింద్రాబాద్ స్టేషన్ బయట రిక్షా అతను రూపాయి అడిగాడు. "జులూస్ ఉన్నది సారూ, లోపటికి రాను. తార్నాక చౌరస్తాల దింపుత," అన్నాడు. అక్కడి నుంచి క్యాంపస్‌లోకి నడిచి అన్నను కలుసుకున్నాను.

పదకొండింటికి అన్న ఊరేగింపు ముందు వరుసను తీశాడు. రీలు అయిపోగానే డబ్బాలో పెట్టి టేపు చుట్టేశాడు. అంతలోనే లాఠీలు లేచాయి. ఇద్దరం తార్నాక దాకా పరిగెత్తి ఓ ఛాయ్ హోటల్లో దూరాం. కాసేపటికి అక్కడికి లక్ష్మమ్మ అనే ఆవిడ వచ్చింది, అంబర్‌పేట నుంచి నడిచి. ఊరేగింపుకు పోయిన కొడుకు నర్సింలు జాడ లేదట. కెమెరా చూడగానే అన్న చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు ముందట్ల నడుస్తనన్నడు. గా కెమెరాల ఉన్నడా? జర చూపియ్యి బిడ్డా."

"ఇప్పుడు కనబడదమ్మా. డబ్బా తెరిస్తే వెలుతురు తగిలి అంత ఖరాబయితది. సాయంత్రం విమానంల ఢిల్లీకి తీస్కపోయి రీలు కడిగితెనే బొమ్మ కనబడతది."

"మరి రేపు మా బస్తీల చూపిస్తరా?"

"హైదరాబాద్‌ల టీవీ లేదమ్మా. ఢిల్లీలనే కనబడతది."

"అయ్యో! ఢిల్లోళ్లకు నా కొడుకుతోని ఏం పని?"

ఊరు మనది, దెబ్బలు మన పిల్లలవి, బొమ్మ మాత్రం ఎక్కడి వాళ్లో అన్నం తింటూ చూస్తారా! అన్న ఆమెను కొడుకు ఆనవాళ్లు, ఇంటి గుర్తులు అడిగి, రీలు చూసి నాకు టెలిగ్రాం ఇస్తానని చెప్పి, బేగంపేట విమానాశ్రయానికి వెళ్లిపోయాడు.

నేను సీతాఫల్‌మండిలో మా అక్క ఇంట్లో ఆగాను. మర్నాడు మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది: నర్సింలు ముందు వరుసలోనే ఉన్నాడు, నవ్వుతున్నాడు. సంతోషం పట్టలేక అంబర్‌పేటకు పరిగెత్తి లక్ష్మమ్మకు చదివి వినిపించాను.

"ఎప్పటిది బిడ్డా గది?"

"నిన్న పదకొండు గంటలది."

"నిన్న నవ్విండు. ఇయ్యాల ఏడున్నడు?"

చెంప చెళ్లుమన్నట్టయింది. నాకా ఆలోచనే రాలేదు. చివరికి ఆమే ఆస్పత్రులన్నీ తిరిగి కొడుకును వెతికి పట్టుకుంది. చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది.

మొన్న అదే చౌరస్తాలో ఒకమ్మాయి స్టాండు మీది ఫోన్ ముందు నిలబడి టీవీకి వార్త చెబుతోంది. తార్నాక చేరానని చెబుదామని ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ, "ఆ పిల్ల ఎనుకనే నిలబడ్డరు, టీవీల కనబడుతనే ఉన్నరు. ఆ మాసిన అంగి ఏంది?" అంది. లక్ష్మమ్మ అడిగింది ఈ ఒక్క చూపే కదా! అది ఇప్పుడు నా మాసిన చొక్కాకు కూడా దొరుకుతోంది. అయినా జనం గుమిగూడిన రోజు సిగ్నల్ నిలవదు. అలాంటప్పుడు అటు వెళితే, చేరగానే, సిగ్నల్ ఉండగానే ఇంటికి ఫోన్ చేసి "బాగున్నా" అని చెప్పండి. వీడియో తర్వాత తీసుకోవచ్చు.